పోటు వద్దు... సూటి ముద్దు!

‘వచ్చారా మహారాజుగారూ!’, ‘కలెక్టరుగారికి ఇప్పుడు తెల్లారిందా?’, ‘అబ్బో, ఇవాళ సూర్యుడు పడమర పొడిచాడే!’... పొద్దున లేచింది మొదలు మన ఇళ్లలో వినపడే మాటలివి. పైకి మర్యాద, లోపల ములుకు. అన్నవాళ్లు ఆ క్షణమే మర్చిపోతారు. పడ్డవాళ్లు ఏళ్ల తరబడి మోస్తారు. ఇంతకీ ఆ మాట అన్నప్పుడు మనసులో ఉన్నదేమిటి? దాన్ని ఉన్నది ఉన్నట్టు, మెత్తగా చెప్పడం నేర్చుకుంటే ఇల్లు ఎంత తేలికపడుతుంది?

నాన్న పోయాక అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటోంది. నేను హైదరాబాద్‌లో. ప్రతి ఆదివారం పొద్దున ఫోన్ చేస్తానని మాటిచ్చాను. ఒక వారం తప్పింది. రెండో వారమూ తప్పింది. మూడో ఆదివారం చేస్తే అటునుంచి వచ్చిన మొదటి మాట... ‘ఎవరండీ? ఎవరు కావాలండీ మీకు?’

నా పేరు ఆ ఫోన్ తెర మీద కనపడుతూనే ఉంటుంది. ‘నేనేనమ్మా’ అన్నాను. ‘ఓహో, మీరా! పెద్దవాళ్లు, సవాలక్ష పనులుంటాయి. మాలాంటివాళ్లం గుర్తున్నామంటే అదే పదివేలు’ అంది. నాకు బుద్ధి తెలిశాక అమ్మ నన్ను ‘మీరు’ అనడం అదే మొదటిసారి. ఆ ఒక్క మాటకు గొంతు పూడుకుపోయింది. అరగంట మాట్లాడాలనుకున్నవాణ్ని రెండు నిమిషాల్లో ‘సరే ఉంటానమ్మా’ అని పెట్టేశాను. ఆ తర్వాతి ఆదివారం ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ‘ఎవరండీ’ గుర్తొచ్చింది. సాయంత్రం చేద్దాంలే అనుకున్నాను. సాయంత్రం కాస్తా రాత్రయింది.

అమ్మకు కావలసింది నా ఫోను. అమ్మ అన్న మాట నన్ను ఆ ఫోనుకే దూరం చేసింది. ఎత్తిపొడుపు చేసే పని సరిగ్గా ఇదే. ఏది కావాలని నోరు తెరుస్తామో, దాన్నే వాకిట్లోంచి వెనక్కి పంపేస్తుంది.

మర్యాదే ఆయుధమైతే...

ఈ ఒక్క పనికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి. పాత తప్పునో చేసిన సాయాన్నో తవ్వి తీసి అంటే దెప్పడం. మామూలు మాటలో ముల్లు పెట్టి అంటే ఎత్తిపొడవడం. ఉన్నదానికి తలకిందులుగా అని పెదవి విరిస్తే వెటకారం. ఎదుటివాళ్ల నడకనో నత్తినో అనుకరిస్తే వెక్కిరింత. నలుగురిలో నవ్వులపాలు చేస్తే ఎగతాళి. ఇవన్నీ కలిసి రోజూ ఒక్క మనిషి మీదే పడుతుంటే సాధింపు. మాట గుచ్చుకుంది, కోసేసింది, పొడిచినట్టుంది అంటాం. మాటతో తగిలేది గాయమేనని మన భాషకు ఎప్పుడో తెలుసు. ఇంగ్లిషు వాళ్లు వెటకారాన్ని సర్కాజమ్ అంటారు. దాని మూలం గ్రీకు మాట ‘సార్కజీన్’. మాంసాన్ని చీల్చడం అని అర్థం. ఎక్కడి గ్రీసు, ఎక్కడి గుంటూరు! రెండు చోట్లా జనం ఆ నొప్పికి ఒకే రకం పేరు పెట్టుకున్నారు.

తెలుగు వెటకారంలో మరో విశేషం ఉంది. అది మర్యాదను ఆయుధం చేసుకుంటుంది. ‘నువ్వు’ అనే మనిషిని ‘మీరు’ అంటాం. చిన్నవాణ్ని దొరను చేస్తాం. కోడలికి ‘మహారాణిగారు’ అని బిరుదు తగిలిస్తాం. అందుకే కోపంగా ‘ఒరేయ్’ అన్నదానికన్నా చల్లగా ‘మీరు’ అన్నది లోతుగా దిగుతుంది. ‘ఒరేయ్’లో తిట్టుతోపాటు చనువూ ఉంటుంది. ఆ ‘మీరు’లో చనువును లాగేసుకుంటున్నామన్న హెచ్చరిక ఉంటుంది.

అడగలేక అంటాం

మరి మనుషులు ఎందుకిలా మాట్లాడతారు? అందరూ మనసులో విషం పెట్టుకుని అంటారనుకోవడం తప్పు. చాలా ఎత్తిపొడుపుల వెనక ఉండేది అడగలేని ఒక కోరిక.

మన ఇళ్లలో నోరు తెరిచి అడగడం నామోషీ. ‘నాకు ఒంట్లో ఓపిక లేదు, ఈ పూట కాస్త సాయం చెయ్యి’ అని అత్తగారు కోడల్ని అడగదు. ఆమె కోడలిగా ఉన్న రోజుల్లో అలా అడిగే హక్కు ఆమెకెవరూ ఇవ్వలేదు. కాబట్టి గిన్నె కాస్త గట్టిగా పెట్టి, ‘మాకెక్కడివమ్మా విశ్రాంతులు! మా రాత అలా రాసిపెట్టి ఉంది’ అంటుంది. ‘నువ్వు ఆలస్యంగా వస్తుంటే నాకు బెంగగా ఉంటోంది’ అని భార్య అనదు. బెంగ ఒప్పుకుంటే లోకువైపోతానేమోనని భయం. ‘దారి గుర్తుందే మీకు!’ అంటుంది. భర్త తక్కువ తింటాడా? ఆకలితో, అలసటతో వచ్చి, కాసేపు తనను పలకరిస్తే బాగుండునని ఉన్నా ఆ మాట అనడు. ‘సీరియల్ అయ్యాకే అన్నం పెట్టు, మాకేం తొందర’ అంటాడు. ఇద్దరికీ కావలసింది ఒక్కటే, దగ్గరితనం. ఇద్దరి నోటా వచ్చింది దూరం.

ఈ పొరపాటు నేనూ చేశాను. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఒక ఆదివారం తొమ్మిదింటికి లేచి, కళ్లు నులుముకుంటూ వంటింట్లోకి వచ్చాడు. ‘కలెక్టరుగారు లేచారా? పాపం, ఫైళ్లన్నీ మీ కోసమే ఎదురుచూస్తున్నాయి’ అన్నాను. వాడు పళ్లెంలో రెండు ఇడ్లీలు పెట్టుకున్నాడు, చట్నీ వేసుకోవడం కూడా మర్చిపోయి గదిలోకెళ్లి తలుపేసుకున్నాడు. ఆ తర్వాత వారాల తరబడి నేను హాల్లో ఉంటే వాడు హాల్లోకి రాలేదు. ఒక రాత్రి మా ఆవిడ చెప్పింది... ‘వాడు రెండింటిదాకా చదువుతున్నాడండీ. మీకు చెప్పొద్దన్నాడు.’

ఆ రోజు నేను అనాలనుకున్నది వేరు. ‘పరీక్షలు దగ్గర పడుతున్నాయి, నీ గురించి నాకు భయంగా ఉంది’ అని. తండ్రి భయపడుతున్నానని చెప్పడమేమిటని దానికి వెటకారం ముసుగు తొడిగాను. మా ఆవిడ చెప్పిన మర్నాడు వాడి గదిలోకి వెళ్లి, మంచం అంచున కూర్చుని ఆ మాట ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాడు పుస్తకం మూశాడు. ‘నాకూ భయంగానే ఉంది నాన్నా’ అన్నాడు. మా ఇద్దరి మధ్యా ఆ ఏడాదిలో జరిగిన మొదటి అసలైన సంభాషణ అది.

ఇంకా చిన్న పిల్లలైతే మాట అర్థానికీ మనసులోని అర్థానికీ తేడా పట్టుకోలేరు. ఆ తేడా కొంచెం కొంచెంగా తెలియడం మొదలయ్యేది అయిదారేళ్ల వయసు నుంచి. నాలుగేళ్ల పాప పాలు ఒలకబోసినప్పుడు ‘శభాష్, చాలా బాగా చేశావ్’ అంటే, ఆ పాప ముందు అమ్మ మాట వింటుంది, తర్వాత అమ్మ మొహం చూస్తుంది. రెండూ పొసగక అయోమయంలో పడుతుంది. ఏది నమ్మాలో తెలియని బిడ్డ చివరికి తనలోనే ఏదో తప్పుందనుకుంటుంది.

మూతి విరుపుకు మూడు నిమిషాలు

భార్యాభర్తల్ని పరిశోధనశాలలో కూర్చోబెట్టి వాళ్ల మాటల్ని గమనించిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్. 1986లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆయన ఇందుకోసం ప్రత్యేకంగా ఒక చోటు ఏర్పాటు చేశారు. జంటలు మామూలుగా మాట్లాడుకుంటుంటే, పోట్లాడుకుంటుంటే వాళ్ల మాటల్నీ హావభావాల్నీ గుండె వేగాన్నీ నమోదు చేశారు. కాపురాన్ని కూల్చే నాలుగు అలవాట్లను ఆయన గుర్తించారు. మనిషినే తప్పుపట్టడం, చులకన చేయడం, ప్రతిదానికీ సమర్థించుకోవడం, మాట్లాడకుండా గోడలా మారిపోవడం. నాలుగింటిలోనూ విడాకులకు అన్నిటికన్నా గట్టి సూచన చులకనే అని తేల్చారు. వెటకారం, ఎగతాళి, కనుగుడ్లు తిప్పడం, మూతి విరుపు... ఇవన్నీ ఆయన లెక్కలో చులకన కిందికే వస్తాయి. కోపంలో ‘నువ్వు చేసింది నాకు నచ్చలేదు’ అన్న మాట ఉంటుంది. చులకనలో ‘నువ్వు నాకన్నా తక్కువ’ అన్న మాట ఉంటుంది. మొదటిదానికి జవాబు చెప్పొచ్చు. రెండోదానికి జవాబేముంటుంది?

మూతి విరుపు అన్నాం కదా. ముఖ కవళికల మీద జీవితకాలం పనిచేసిన పాల్ ఎక్‌మన్, తన సహచరుడు ఫ్రీసెన్‌తో కలిసి 1986లో ఒక సంగతి ప్రచురించారు. చులకన భావం మొహంలో కనపడేది పెదవి ఒక మూల బిగిసి పైకి లేవడంలోనట. వేర్వేరు దేశాలవాళ్లు ఆ కవళికను గుర్తుపట్టగలిగారు. మన అమ్మమ్మలు ‘మూతి ముప్ఫై వంకర్లు తిప్పింది’ అన్నది ఈ మొహాన్నే.

గాట్‌మన్ బృందం 1999లో ప్రచురించిన మరో అధ్యయనం ఇంకా ఆలోచింపజేస్తుంది. 124 కొత్త జంటల్ని ఏదో ఒక గొడవ గురించి మాట్లాడుకోమన్నారు. ఆరేళ్ల తర్వాత ఎవరు కలిసున్నారో, ఎవరు విడిపోయారో చూశారు. ఆనాటి సంభాషణలో మొదటి మూడు నిమిషాలు ఎలా నడిచాయన్నదాన్ని బట్టే విడిపోయేవాళ్లను అంచనా వేయగలమని తేలింది. గొడవ ఎలా మొదలైందో చాలావరకు అలాగే ముగుస్తుంది. ‘వచ్చారా మహారాజుగారూ’తో తలుపు తెరుచుకున్న రాత్రి ఎలా గడుస్తుందో మనకు ఏ అధ్యయనమూ చెప్పనక్కర్లేదు.

మాటపడ్డ మనిషి ‘నొప్పి’ అంటే అతిశయోక్తి అనుకుంటాం. 2003లో నయోమి ఐజెన్‌బర్గర్ బృందం కాలిఫోర్నియాలో ఒక చిన్న ప్రయోగం చేసింది. కంప్యూటర్‌లో బంతి విసురుకునే ఆట పెట్టి, కాసేపయ్యాక ఆడుతున్న మనిషికి బంతి ఇవ్వడం మానేశారు. అంతే. మెదడు చిత్రాలు చూస్తే, ఒంటికి దెబ్బ తగిలినప్పుడు బాధను తెలియజేసే భాగాల్లో ఒకటి అప్పుడూ చురుగ్గా కనిపించింది. ముఖం తెలియనివాళ్లు బంతి ఇవ్వకపోతేనే అంత ఉంటే, అన్నం పెట్టే చేయి, తాళి కట్టిన చేయి, వేలు పట్టి నడిపించిన చేయి పక్కకు నెట్టినట్టు మాట్లాడితే ఎలా ఉంటుంది?

సరసం వేరు, ఎగతాళి వేరు

అయితే ఇంట్లో నవ్వే ఉండకూడదా? తప్పకుండా ఉండాలి. నవ్వులేని ఇల్లు ఉప్పులేని పప్పే. బావామరదళ్ల సరసాలు, బావా బావమరుదుల పరాచికాలు, పెళ్లిలో వియ్యపురాళ్లను ఆటపట్టించే పాటలు... ఇవి మన సంప్రదాయం ఒడిలో పుట్టినవి. మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1940లో ఇలాంటి బంధాల గురించి రాశారు. కొన్ని చుట్టరికాల్లో ఆటపట్టించే చనువును ఆచారమే ఇస్తుందనీ, పడినవాళ్లు నొచ్చుకోకూడదన్న ఒప్పందమూ అందులోనే ఉంటుందనీ ఆయన వివరించారు. మన బావామరదళ్లకు అది అచ్చంగా అతుకుతుంది. మగపెళ్లివారి మీద ఒక పాట పాడితే ఆడపెళ్లివారి మీద మరో పాట వస్తుంది. బాకీ ఉంచుకునేది లేదు.

గోదావరి జిల్లాల వెటకారం సంగతీ అంతే. చివర్లో ‘ఆయ్’ అని తేలిగ్గా దించేస్తారు. వాళ్లు మిమ్మల్ని ఒక మాటంటే మీరు రెండనొచ్చు. అవతలివాళ్లు అందరికన్నా ముందు నవ్వుతారు. ఆ చమత్కారంలో ‘నువ్వు మావాడివి’ అన్న పిలుపు ఉంటుంది.

తేడా ఎక్కడ? తిరిగి అనే హక్కులో. అత్తగారు అంటే కోడలు తిరిగి అనలేదు. తండ్రి అంటే కొడుకు అనలేడు. సాయంత్రం ఆరింటికి బ్యాగు సర్దుకుంటుంటే ‘ఏంటి, ఇవాళ హాఫ్ డేనా?’ అని మేనేజరు నవ్వుతాడు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వాల్సి వస్తుంది. ఆ ఉద్యోగి కూడా నవ్వాల్సి వస్తుంది. ఇంటి దగ్గర పసిబిడ్డ ఎదురుచూస్తోందని చెప్పుకునే చోటు ఉండదు. ‘పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం’ అన్న సామెత ఇలాంటి ‘సరదా’ను చూసే పుట్టి ఉంటుంది. కాబట్టి మాట అనేముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఈ మనిషి నన్ను తిరిగి ఇదే మాట అనగలరా? ఈ మాటకు ముందుగా వాళ్లకే నవ్వొస్తుందా? నలుగురూ లేనప్పుడు కూడా నేను ఇలాగే అంటానా? మూడింటిలో ఏ ఒక్కదానికి ‘లేదు’ అని జవాబొచ్చినా అది సరసం కాదు.

‘నేను లేనిదేం అనలేదు, ఉన్నమాటే అన్నాను’ అనేవాళ్లుంటారు. భగవద్గీత 17వ అధ్యాయంలో వాక్కుతో చేసే తపస్సు గురించి ఒక శ్లోకం ఉంది. మాట ఎదుటివారి మనసును కలత పెట్టకూడదు, నిజమై ఉండాలి, ప్రియంగా ఉండాలి, మేలు చేసేదై ఉండాలి అని దాని భావం. నిజం చెప్పడం ఆ జాబితాలో ఒక భాగం మాత్రమే. మిగిలినవీ తోడైతేనే తపస్సు. రోజూ అన్నం వడ్డించే చోట ఆ తపస్సు చేయగలిగితే అంతకన్నా పెద్ద సాధన లేదు.

తెర మీద సూర్యకాంతం, తెర వెనక సూర్యకాంతమ్మ

గయ్యాళితనానికి తెలుగువాళ్లు పెట్టుకున్న రూపం సూర్యకాంతం. కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో 1924లో పుట్టిన ఆ మహానటి ఎడమచేయి తిప్పుతూ ఒక్క విరుపు విరిస్తే థియేటర్ మొత్తం కోడలి తరఫున కన్నీళ్లు పెట్టుకునేది. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’కు పేరే ఆమె పాత్ర పేరు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఇద్దరూ ఉన్న సినిమాలో ఆమెకు దక్కిన గౌరవం అది. ఆమె నటన ఎంత గాఢంగా నాటుకుందంటే, ఆడపిల్లకు సూర్యకాంతం అని పేరు పెట్టడానికి జనం జంకారు. తెర వెనక ఆమె మాత్రం ఇంటి నుంచి రకరకాల వంటలు చేయించి తెచ్చి, షూటింగ్‌లో తోటివాళ్లందరికీ కొసరి కొసరి తినిపించే మనిషని ఆమెతో పనిచేసినవాళ్లు చెబుతూ వచ్చారు.

ఇందులో మనకో పాఠం ఉంది. సినిమాలో గుండమ్మకు బుద్ధొచ్చి, అందరూ ఒక్కటై ‘శుభం’ పడటానికి మూడు గంటలు చాలు. ఇంట్లో అన్న మాటకు ‘శుభం’ కార్డు ఉండదు. మన పేరు చెబితే ఇంట్లోవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది మన నోరా, మన చేతి ముద్దా? పేరు ఒక్కటే, దాన్ని ఏం చేసుకుంటామన్నది మన మాట మీదే ఉంది.

వాట్సాప్‌లో గొంతు వినపడదు

మాట ఇప్పుడు నోటి నుంచి వేళ్లలోకి మారింది. అమెరికాలో కొడుకు, ఆస్ట్రేలియాలో కూతురు, విజయవాడలో అమ్మానాన్నలు. మూడు చోట్లా పగలూ రాత్రీ వేరు. కలిసేది కుటుంబం వాట్సాప్ గ్రూపులో. చెల్లి కొత్త కారు ఫొటో పెడుతుంది. అన్న ‘మా చెల్లెమ్మ రేంజే వేరు’ అని రాస్తాడు. మురిసిపోయి రాశాడో, మొన్న అప్పడిగితే లేదన్నందుకు రాశాడో ఆ అక్షరాల్లో తెలియదు. చెల్లి చూసి ఊరుకుంటుంది. రెండు నీలం టిక్కులు, జవాబు లేదు. అన్న మనసు చివుక్కుమంటుంది. దసరాకు ఇద్దరూ ఊరొస్తారు కానీ మాటల్లో ఏదో తేడా.

జస్టిన్ క్రూగర్, నికోలస్ ఎప్లీ 2005లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా ఈ తికమక గురించే. కొందరితో ఈమెయిల్‌లో కొన్ని వాక్యాలు మామూలుగా, కొన్ని వెటకారంగా రాయించారు. అవతలివాళ్లు ఏది ఏమిటో 78 శాతం సార్లు సరిగ్గా పట్టుకుంటారని రాసినవాళ్లు నమ్మారు. నిజంగా పట్టుకున్నది 56 శాతమే. నాణెం ఎగరేసి చెప్పినా సగం సార్లు సరిపోతుంది కదా! రాస్తున్నప్పుడు మన గొంతు మన చెవుల్లో మోగుతుంటుంది. అవతలివాళ్లకు చేరేది అక్షరాలే. కాబట్టి గ్రూపులో మెచ్చుకోలు విప్పి రాయండి. ‘కారు చాలా బాగుందమ్మా, నిన్ను చూస్తే సంతోషంగా ఉంది’ అంటే ఏ సందేహానికీ చోటుండదు. మనసులో ఏదైనా ఉంటే అది గ్రూపులో రాసేది కాదు. ఫోన్ చేసి మాట్లాడాల్సింది.

పోటు తీసేస్తే మిగిలేది సూటి

మరి ఎలా మారాలి? సూటిపోటి మాటలంటాం కదా, ఆ జంట పదంలోనే దారి ఉంది. పోటు తీసేస్తే సూటి మిగులుతుంది.

దీన్ని ఒక పద్ధతిగా నేర్పినవారు మార్షల్ రోసెన్‌బర్గ్. 1943లో అమెరికాలోని డెట్రాయిట్‌లో జాతి ఘర్షణలు జరిగినప్పుడు ఆయన ఎనిమిదేళ్ల పిల్లవాడు. మనిషి మీద మనిషికి ఇంత ద్వేషం ఎలా వస్తుందన్న ప్రశ్న ఆయన్ను జీవితమంతా వెంటాడింది. అహింసాత్మక సంభాషణ అన్న మార్గాన్ని తయారుచేసి, 1984లో దానికోసం ఒక సంస్థను స్థాపించారు. మెత్తగా మాట్లాడే పద్ధతికి గుర్తుగా జిరాఫీని ఎంచుకున్నారు. నేల మీద తిరిగే జంతువుల్లో జిరాఫీది చాలా పెద్ద గుండె కాబట్టి. ఆయన చెప్పిన మెట్లు నాలుగు. కంటికి కనపడింది చెప్పడం, మనసుకు ఏమనిపించిందో చెప్పడం, ఏం కావాలో చెప్పడం, ఫలానాది చెయ్యమని అడగడం.

పుస్తకంలో చదివితే పొడిగా ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నర గుమ్మం దగ్గర చూద్దాం. ‘వచ్చారా మహారాజుగారూ! ఇల్లెక్కడో గుర్తుందే!’ అన్నది పాత మాట. దాన్ని విప్పితే ఇలా ఉంటుంది... ‘ఏడున్నరకు వస్తానన్నారు, తొమ్మిదిన్నరయింది (చూసింది). ఫోన్ కూడా ఎత్తకపోతే కంగారు పడ్డాను (అనిపించింది). మీరు క్షేమంగా ఉన్నారని తెలిస్తే నాకు చాలు (కావలసింది). ఆలస్యమయ్యేట్టుంటే ఒక్క మెసేజ్ పెట్టండి (అడిగింది).’ మొదటి మాటకు వచ్చే జవాబు ‘ఇంటికి రాగానే మొదలెట్టావా?’ రెండో మాటకు ఏ మనిషికైనా వచ్చే జవాబు ‘అయ్యో, ఫోన్ బ్యాగులో పెట్టేశాను. రేపటి నుంచి చెబుతాను.’ మాట మారితే జవాబు కూడా మారుతుంది.

కోపం పొంగుతున్న నిమిషంలో ఇవేవీ గుర్తుకు రావు. అందుకే గాట్‌మన్ ఒక చిట్కా చెబుతారు. గుండె దడదడలాడుతున్నప్పుడు మాట్లాడకుండా కనీసం ఇరవై నిమిషాలు విరామం తీసుకోమంటారు. మొక్కలకు నీళ్లు పోయండి, బట్టలు మడతపెట్టండి, వీధి చివరిదాకా నడిచి రండి. వెళ్లేముందు ‘కాసేపాగి మాట్లాడదాం’ అని చెప్పి వెళ్లడం మర్చిపోవద్దు. చెప్పకుండా వెళ్తే అది అలక అవుతుంది. పొయ్యి మీద పాలు పొంగితే మనం మొదట చేసేది మంట తగ్గించడమే కదా.

ఎత్తిపొడుపు మన మీద పడినప్పుడు ఏం చేయాలి? ఎదురు ఎత్తిపొడుపు అప్పటికి తీయగా ఉంటుంది, రాత్రికి చేదవుతుంది. అలాగని మింగేసి ఊరుకోమనడం నా ఉద్దేశం కాదు. మాటను పక్కనపెట్టి, లోపలి కోరికను పట్టుకోండి. అత్తగారు ‘మాకెక్కడివమ్మా విశ్రాంతులు’ అంటే, ‘ఇవాళ బాగా అలిసిపోయినట్టున్నారు అత్తయ్యా, కూర నేను చేస్తాను, మీరు కూర్చోండి’ అనొచ్చు. మనసు మరీ నొచ్చుకుంటే అదీ మెత్తగా చెప్పొచ్చు. ‘అలా అంటే నాకు బాధగా ఉంటుంది అత్తయ్యా. ఏం చెయ్యాలో చెప్పండి, చేస్తాను.’ ఇలా నాలుగుసార్లు జరిగితే, అడిగితే దొరుకుతుందన్న నమ్మకం అవతలివాళ్లకు కుదురుతుంది. అడిగితే దొరికే చోట ఎవరూ దెప్పరు.

అలవాటు ఒక్కరోజులో పోదు. నోరు జారుతుంది. అప్పుడు వెంటనే ‘అలా అనకుండా ఉండాల్సింది, నేను చెప్పాలనుకున్నది ఇదీ’ అని దిద్దుకోవడమే మందు. గాట్‌మన్ లెక్క ప్రకారం, గొడవ మధ్యలో కూడా ఒక చేదు మాటకు అయిదు మంచి మాటలో చేష్టలో తోడుండే జంటలు నిలబడతాయి. మంచినీళ్ల గ్లాసు అందించడం, ‘నువ్వన్నదీ నిజమే’ అనడం, చేయి పట్టుకోవడం, చిన్నగా నవ్వడం... ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

ఇలా అనే బదులు... ఇలా అందాం!

‘ఎంత త్వరగా వచ్చావో!’ అనే బదులు: ‘నీ కోసం అరగంట నుంచి చూస్తున్నాను. ఇంకోసారి ఆలస్యమైతే ముందే చెప్పు.’

‘మా ఇంట్లో పప్పులో ఉప్పు వేసుకునే అలవాటుందమ్మా’ అనే బదులు: ‘పప్పు బాగుంది, ఉప్పు కాస్త తగ్గినట్టుంది. కొంచెం కలుపుకుందామా?’

‘పక్కింటబ్బాయిని చూసి నేర్చుకోండి సార్’ అనే బదులు: ‘లెక్కల్లో ఎక్కడ ఇబ్బందిగా ఉందో చెప్పు, కలిసి చూద్దాం.’

‘నీకు చెప్పేంత గొప్పవాణ్ని కాదులే’ అనే బదులు: ‘నా మాట కూడా ఒకసారి విను. నాకు ఇది ముఖ్యం.’

‘ఏంటి, ఇవాళ హాఫ్ డేనా?’ అనే బదులు: ‘వెళ్లేముందు ఆ రిపోర్టు ఎంతవరకు వచ్చిందో చెప్పి వెళ్తారా?’

‘పుట్టింటివాళ్లంటే గుర్తుంటుంది, మేమెందుకు గుర్తుంటాం!’ అనే బదులు: ‘ఈ పండక్కి మీరు మాతో ఉంటే బాగుండుననిపిస్తోంది.’

హద్దు దాటితే అది హింసే

మెత్తని మాట అన్ని గాయాలకూ మందు కాదు. రోజూ అవమానించి, పిల్లలు లేరనో మగపిల్లాణ్ని కనలేదనో ఎగతాళి చేసే చోట కోడలు మరింత మెత్తగా మాట్లాడాలని చెప్పడం అన్యాయం. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం 3వ సెక్షన్‌లో మాటలతో, మనసును నొప్పిస్తూ చేసే హింస కూడా గృహహింసేనని స్పష్టంగా ఉంది. అవమానించడం, ఎగతాళి చేయడం, పేర్లు పెట్టి పిలవడం, ముఖ్యంగా సంతానం లేదనో మగబిడ్డ లేడనో హేళన చేయడం ఆ జాబితాలో ఉన్నాయి. సాయం కావలసిన మహిళలు 181 నంబరుకు ఫోన్ చేయొచ్చు. మనసు కుంగిపోయి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416 ఉంది.

కుక్కర్ కూత

అమ్మ సంగతి ఇంకా చెప్పలేదు కదా. ఆ ‘ఎవరండీ’ తర్వాత కొన్నాళ్లకు నేనే ఒక ఆదివారం మనసు గట్టి చేసుకుని ఫోన్ చేశాను. మళ్లీ అదే మాట వచ్చింది. ఈసారి ఫోన్ పెట్టేయలేదు. ‘అమ్మా, నేను ఫోన్ చేయని ఆదివారం నువ్వేం చేస్తుంటావు?’ అని అడిగాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. ‘పొద్దున్నే ఫోన్ ఛార్జింగ్ పెడతాను రా. వంటింట్లోకీ పట్టుకెళ్తాను. కుక్కర్ కూతలో నీ ఫోను వినపడదేమోనని, నువ్వు మాట్లాడేదాకా పొయ్యి మీద కుక్కర్ పెట్టను. ఒక్కోసారి రెండవుతుంది. అప్పుడిక ఆకలి ఉండదు.’

ఆ ఎత్తిపొడుపులు నన్ను దూరం జరిపాయి. ఆ నాలుగు ముక్కలు నన్ను ఒక్కసారిగా ఆ వంటింట్లోకి తీసుకెళ్లి, వెలిగించని పొయ్యి ముందు నిలబెట్టాయి. నేనూ ఉన్నది చెప్పాను. ‘నువ్వు మీరు అంటే నాకు భయమేస్తోందమ్మా, అందుకే చేయలేకపోతున్నాను.’

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం తొమ్మిదింటికి ఫోన్ చేస్తున్నాను. అమ్మ ‘ఏరా, తిన్నావా?’ అంటుంది. మాటల మధ్యలో కుక్కర్ పెడుతుంది. అక్కణ్నుంచి నాకు కూతలు వినపడుతుంటాయి. మూడో కూత రాగానే ‘ఉండరా, పొయ్యి కట్టేసి వస్తాను’ అంటుంది. ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు, అడుగుల చప్పుడు, మళ్లీ ఫోన్ తీసిన చప్పుడు. ‘ఆఁ, ఇప్పుడు చెప్పు’ అంటుంది.